కొన్నవాడికే తాళం



కర్నూలులోనో ప్రొద్దుటూరులోనో పెళ్లిళ్ల సీజన్‌లో ఏదైనా డీటీపీ సెంటర్‌కు వెళ్లండి. కంప్యూటర్ వెనక పెన్‌డ్రైవ్ లాంటి ముక్క గుచ్చి ఉందా? అది డాంగిల్, సాఫ్ట్‌వేర్‌కు వేసిన తాళం. అది పాడైతే శుభలేఖ ఆగిపోతుంది. కొత్తది వచ్చేదాకా గిరాకీకి "రేపు రాండి" అనాల్సిందే. పక్క కొట్లో దొంగ కాపీ పెట్టుకున్నాయనకు ఈ బాధే లేదు. ఆ కాపీలో తాళం ముందే పీకేసుంటారు!

తర్వాత యాక్టివేషన్ అనే తాళం వచ్చింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో చాలామందికి పరిచయమైంది. ఫార్మాట్ కొట్టినా, మదర్‌బోర్డు మార్చినా మళ్లీ అనుమతి అడగాలి. ఎవరిని? కంపెనీ సర్వర్‌ని. ఆ సర్వరే మూతపడితే? 2012 చివర్లో అడోబీ తన పాత సీఎస్2 సాఫ్ట్‌వేర్ యాక్టివేషన్ సర్వర్లు ఆపేసింది. కొన్నవాళ్లకు తాళం లేని కాపీ ఇచ్చింది, మెచ్చుకోవాలి. అందరూ ఇస్తారా?

దొంగ కాపీని నేను వెనకేసుకు రాను. తెలిసి వాడితే కాపీరైట్ చట్టం కింద జైలు కూడా ఉంది. కానీ కొన్నవాడు భద్రం కోసం నకలు తీసుకోవచ్చని చెప్పేదీ ఆ చట్టమే. నకలు తీసుకుంటాం సరే, తాళం దాన్ని నడవనిస్తే కదా!

అందుకే కొనేముందే అడగండి: కంప్యూటర్ మారిస్తే లైసెన్సు మారుతుందా? ఫార్మాట్‌కు ముందు పాతదాంట్లో డీయాక్టివేట్ చేయండి. బిల్లు, లైసెన్సు నంబరు కాగితం మీద బీరువాలో ఉంచండి. ఉట్టి తెలుగు టైపింగే అయితే పోతన, వేమన యూనికోడ్ ఫాంట్లు ఉచితం. వాటికి ఏ తాళమూ లేదు.