వంటింటి కొఠారు: సరుకుల సంరక్షణము



సెలవులకు స్వస్థలమునకు పోయి ఢిల్లీకి మరలివచ్చు తెలుగు కుటుంబపు సామానులో చింతపండు, ఎండుమిరపకాయలు, కందిపప్పు, ఆవకాయ జాడీ తప్పక యుండును. అంత దూరము మోసి తెచ్చిన సరుకు శ్రావణ భాద్రపదములు దాటకముందే పురుగుపట్టి, బూజుపట్టి చెత్తకుప్ప పాలగుట పలు ఇండ్లలో చూచుచున్నదే. నెలజీతముపై సంసారము నడుపువారికి ఇది చిన్న నష్టము కాదు.

తెలుగునాట పల్లెటిండ్లలో ధాన్యమునకు గాదెలు, పాతరలు ఉండెడివి. నగరపు క్వార్టరులో నున్నవి రెండు అరలు, ఒక గూడు. పైగా ఢిల్లీ వాతావరణము ద్విస్వభావము గలది. మే, జూను మాసముల వడగాలి పొడిగా నుండును. జూలై నుండి సెప్టెంబరు వరకు గాలిలో తేమ మిక్కుటముగా నుండును. వేసవిలో చెడని సరుకు వానకాలమున చెడుటకు కారణమిదియే. నిలువయుంచు బియ్యములో తేమ నూటికి 14 పాళ్లు మించకుండుట మేలు.

శత్రువు స్వభావ మెరిగిన రక్షణ సులభము. ముక్కుపురుగు బియ్యపుగింజను తొలిచి లోపల గ్రుడ్డుపెట్టును. కనుక పైకి శుభ్రముగా కనబడు బియ్యమందును పురుగు దాగియుండవచ్చును. పాతబియ్యముపై క్రొత్తబియ్యము పోయరాదనుట ఇందుకే. పెసలు, అలసందలు మొదలగు గింజలనాశించు పుచ్చుపురుగు గింజపైననే గ్రుడ్డుపెట్టును. పెద్దలు వానికి ఆముదము పట్టించుటలోని మర్మమిదియే: నూనెపొర గ్రుడ్డును పొదుగనీయదు.

వానలకు ముందే సరుకులను ఎండబెట్టవలెను. అయితే వేడి ఆరకముందే డబ్బాకెత్తి మూత బిగించినచో లోపలి ఆవిరి చెమ్మయై, ఎండబెట్టిన ఫలము దక్కదు. ఆవకాయకు ఉప్పు, నూనెలే రక్ష; తడిగరిటె పెట్టిననాడు ఆ రక్ష సడలును. ఉల్లిని, బంగాళాదుంపను వేరువేరుగా గాలితగులు చోట నుంచవలెను. దుంపకు వెలుతురు సోకరాదు. పచ్చబారిన భాగము విషమగును.

వండిన అన్నము, పప్పు మిగిలినచో రెండు గంటలలోపల రిఫ్రిజిరేటరులో నుంచుట క్షేమము. అందు చలి 5 డిగ్రీల సెంటిగ్రేడుకు మించరాదు.

ఒక్క విషయమున మాత్రము పొదుపు పనికిరాదు. బూజుపట్టిన వేరుసెనగపప్పులో అఫ్లటాక్సిన్ అను విషము పుట్టవచ్చును. అది కాలేయమునకు హానిచేయును. వేయించినను పూర్తిగా పోదు. పారవేయుటకు మనసొప్పక దానిని పిల్లలకు పెట్టుట కంటె పారవేయుటయే నిజమైన పొదుపు.

ఇక క్రమము. డబ్బాపై సరుకు పేరు, కొన్న తేదీ వ్రాయవలెను. పాతది ముందు, క్రొత్తది వెనుక నుంచి, ముందు వచ్చినదానిని ముందే వాడవలెను. అరలో నున్నదేదో చూచిన పిదపనే అంగడికి పట్టీ వ్రాయవలెను. కార్యాలయమున ప్రతి దస్త్రమునకు సంఖ్య, తేదీ వేయు ఉద్యోగి ఇంటి పప్పుడబ్బాపై తేదీ వ్రాయుటకు వెనుదీయనేల? ఈ భారమంతయు గృహిణిదేయని తలచుట న్యాయము కాదు. ఆదివారము ఒక గంట ఇంటిల్లిపాది అరలు దించి తుడిచి సర్దినచో ఆమె శ్రమ తగ్గును, జీతము నిలుచును. అన్నిటికంటె మిన్నగా, ఎక్కడో ఒక రైతు చెమటోడ్చి పండించిన గింజ వృథాపోక కంచమునకు చేరును.