ధాత కరువులో కాలువ పని



ఏ మాస్టారి పేరున ఏటా ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆయన బడిపంతులు, సంఘ పెద్ద కూడా. పంట పోయిన ఏడు ఊళ్లో ఎవరింట పొయ్యి వెలగలేదో అందరికంటే ముందు ఆయనకే తెలిసేదని ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఇప్పటికీ చెబుతారు. అందుకే నేడు ఈ అంశం ఎంచుకున్నాను: చేతిలో కాసు ఆడని రోజుల్లో తెలుగు క్రైస్తవులు ఒకరికొకరు ఎలా ధైర్యం చెప్పుకున్నారు? ఇది చాలా పెద్ద చరిత్ర. అందులో ఒక్క కరువు దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, మిగతావి త్వరగా దాటిపోతాను.

ఈ పని మన దగ్గర మొదలైంది కాదు. క్లౌదియ చక్రవర్తి కాలంలో కరువొస్తే అంతియొకయ సంఘం యూదయలోని సోదరుల కోసం ఎవరి శక్తికొద్దీ వారు చందా వేసి బర్నబా, సౌలుల చేత పంపిందని అపొస్తలుల కార్యములు పదకొండో అధ్యాయంలో చదువుతాం. సువార్త ఎంత పాతదో ఆకలిగొన్న సోదరుడికి సాయం పంపడమూ అంత పాతదే.

ఇక మన నేలకు వద్దాం. 1876లో వానలు పడలేదు. తెలుగు లెక్కన అది ధాత సంవత్సరం. మన పెద్దలు ధాత కరువని పిలిచింది దీన్నే. మరుసటి ఈశ్వర సంవత్సరంలోనూ చాలాకాలం ఆకాశం కరుణించలేదు. 1878 దాకా సాగిన ఆ కరువులో దక్షిణ భారతంలో, దక్కన్‌లో చనిపోయినవారు యాభై లక్షలకు తక్కువ కాదని అంచనా. ధాన్యం మాత్రం రేవుల్లో ఓడలెక్కుతూనే ఉంది. ఖర్చు తగ్గించడానికి ప్రభుత్వం తరఫున వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 మొదట్లో కరువు పనుల కూలిని కుదించాడు. పొద్దస్తమానం మట్టి మోసిన మగమనిషికి దక్కింది ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల గింజలు, ఒక అణా. ఆడవాళ్లకు అంతకన్నా తక్కువ. ఆ తిండితో మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ పోట్లాడాడు. ఆ ఏడే కూలి కొంత పెంచక తప్పలేదు.

ఇప్పుడు ఒంగోలు వైపు చూడండి. జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1866లో అక్కడికొచ్చాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం కట్టాడు. జనం ఆయన్ని క్లౌ దొర అన్నారు. కానీ ఆ సంఘాన్ని ఊరూరా నడిపించింది దొర కాదు. తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ బోధకులు కాలినడకన తిరిగి దాన్ని నిలబెట్టారు. ఆ ఏడు జనవరిలోనే తాళ్లకొండపాడులో 28 మంది బాప్తిస్మం పొందారు. ఈ ఘనత పేరయ్యకు చెందాలని నేను పట్టుబట్టి చెబుతున్నాను.

అప్పటి మాదిగల బతుకుతెరువు ఎలా ఉండేదో తెలిస్తే తప్ప తర్వాతి కథ అర్థం కాదు. రైతులకు చెప్పులు కుట్టాలి, మోటకు తోలు సిద్ధం చేయాలి, జాతరలో డప్పు కొట్టాలి, పిలిస్తే వెట్టికి పోవాలి. దానికి ప్రతిఫలం కళ్లంలో కొలిచే మేర గింజలు. కొత్తగా నమ్మినవాళ్లు మూడు నియమాలు పెట్టుకున్నారు: ఆదివారం పని చేయకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. వినడానికి చిన్నవే. ఆదివారం పనికి రానన్నవాడికి, జాతరలో డప్పు పట్టనన్నవాడికి కరణం, మునసబు, రైతులు కలిసి మేర ఆపేస్తే ఇంటిల్లిపాదీ పస్తే. కాబట్టి ఈ సంఘానికి ఆర్థిక కష్టం ధాత కరువుతో కొత్తగా రాలేదు. విశ్వాసంతో పాటే వచ్చింది.

పంటే లేనప్పుడు కళ్లం ఎక్కడిది, మేర ఎక్కడిది? కరువు ముందుగా కొట్టింది వీళ్లనే. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. గవర్నరు పేరు పెట్టుకున్న ఆ కాలువ మద్రాసు మీదుగా పెదగంజాం దాకా ఉప్పుటేరుల వెంట సాగుతుంది. ఆ పనుల మీద కూడా మాదిగలను తిట్టి, నెట్టి, వెనక్కి తోసేవారు. క్లౌ ఈ దేశం రాకముందు మిన్నెసోటాలో సర్వే పని నేర్చుకున్నవాడు. ఆయన ప్రభుత్వాన్ని అడిగి ఒంగోలు ప్రాంతంలో మూడున్నర మైళ్ల కాలువ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. బోధకులనే మేస్త్రీలను చేశాడు. తిట్టే మేస్త్రీ స్థానంలో తమవాడు, తమ భాషలో పేరు పెట్టి పిలిచేవాడు వచ్చాడు.

ఆ దృశ్యాన్ని కాస్త దగ్గరగా చూడండి. మగవాళ్లు గడ్డపారతో పొడుస్తున్నారు, పారతో ఎత్తి తట్టలు నింపుతున్నారు. ఆడవాళ్లు తలమీద తట్ట పెట్టుకుని గట్టెక్కి మట్టి పోసి దిగుతున్నారు. ఎక్కడెక్కడి పల్లెల నుంచో నడిచొచ్చిన వేలమంది ఆ గట్ల పక్కనే గుడిసెలు వేసుకున్నారు. మధ్యాహ్నం పని ఆపినప్పుడు బోధకుడు వాళ్ల మధ్య చతికిలబడి కూర్చుంటాడు. ఎవరి ఊళ్లో ఎవరు పోయారో వింటాడు. తర్వాత మత్తయి సువార్తలో యేసు అలసినవాళ్లను, బరువులు మోసేవాళ్లను తన దగ్గరికి రమ్మన్న పిలుపు వినిపిస్తాడు. నెత్తిన తట్ట బరువు ఇంకా దిగని మనిషికి ఆ వాక్యం గురించి వ్యాఖ్యానం ఏం కావాలి? ఆ గట్ల మీద కూలీ, మాటా రెండూ ఒకే చేతి నుంచి అందాయి. ధైర్యం చెప్పడం అంటే ఇదేనని నా నమ్మకం. ఆకలిగొన్నవాడితో అంతా సర్దుకుంటుందని దూరం నుంచి పలికి వెళ్లిపోవడాన్ని ఆ పేరుతో పిలవలేను.

ఇక అసలు విషయానికి వస్తున్నాను. ఆ కరువు రోజుల్లో వందలాది మంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ ఇవ్వలేదు. సుమారు పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న నింద వాళ్ల మీద పడకూడదు, నిజంగా కూటి కోసమే వచ్చేవాళ్లుంటే సంఘం మోసపోకూడదు. లెక్కలు పంపమని అడిగే మిషన్ బోర్డు ఉన్న మనిషికి ఇది తేలిక నిర్ణయం కాదు. అన్నం పెట్టిన చేయి ఆ అన్నానికి బదులు అడగకపోవడం ఎంత కష్టమో సహాయ కార్యక్రమాలు నడిపిన ఎవరికైనా తెలుసు.

1878 జూన్‌లో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో బోధకులు కూడారు. వాళ్ల వెంట జనం వచ్చారు. ఇవ్వడానికి ఇక డబ్బు లేదని, ఇళ్లకు వెళ్లమని దొర చెప్పాడు. వాళ్లు కదల్లేదు. డబ్బు అక్కర్లేదు, బాప్తిస్మం కావాలన్నారు. అప్పుడు గాని ఆయన ఒప్పుకోలేదు. ఒక్కొక్కరి గురించీ వాళ్ల ఊరి బోధకుడు సాక్ష్యం చెబితేనే పేరు రాశారు. జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మం జరిగింది. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరుగా మారుతూ ఇచ్చారు. క్లౌ స్వయంగా ఎవరికీ ఇవ్వలేదు.

మన సంఘ చరిత్రలు 2,222 అన్న అంకెను పెద్ద అక్షరాల్లో అచ్చువేస్తాయి. వేయనివ్వండి, సంతోషించవలసినదే. అయితే నా మనసు ఆగేది ఆ పదిహేను నెలల దగ్గర. అప్పుడు రిజిస్టరులో పేర్లు లేవు, కాలువ గట్టు మీద మనుషులు మాత్రం బతికారు. ఆ ఖాళీ పేజీలే ఆ తర్వాతి అంకెకు విలువ తెచ్చాయి.

ఒక తరం దాటితే దోర్నకల్. 1912లో అక్కడ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. ఆయన మేత్రాసనంలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలే. అంత పేదవాళ్లను కానుక అడగకూడదని ఆయన అనుకోలేదు. వాళ్లు వండుకునే ముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టి, ఆదివారం గుడికి తెచ్చేవారు. జీవితమంతా కొలిపించుకోవడానికే చేయి చాచిన ఇల్లాలు తన కుండలోంచి మరొకరి కోసం కొలిచింది. ఆమెలో ఆ పిడికెడు తెచ్చిన నిటారుతనం ఏ సహాయ నిధీ ఇవ్వలేదు. దోర్నకల్ కెథడ్రల్ కట్టడం పూర్తయి 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. ధరలు కూలి పల్లెలు నలిగిన ఆర్థిక మాంద్యపు రోజులు కూడా అది కట్టిన ఏళ్లలోనే వచ్చాయి.

మన రోజులకు వచ్చి ముగిస్తాను. 2020 లాక్‌డౌన్‌లో రోజుకూలి ఆగిన ఇళ్లకు మన సంఘాలు బియ్యం, పప్పు, నూనె మోసుకెళ్లాయి. ఆ చేతులకు నమస్కరిస్తున్నాను. అయితే ఒకటి చూశాను, చెప్పకుండా ఉండలేను. సంచి అందుకుంటున్న ముసలమ్మను బ్యానరు ముందు నిలబెట్టి, తల ఎత్తమని చెప్పి ఫోటో తీసి, ఆ ఫోటోను ఊరూరా తిప్పారు. సాయం పంపినవాళ్లకు లెక్క చూపాలంటారు, నిజమే. సంచుల రశీదులు చూపండి, కొట్టువాడి బిల్లు చూపండి. ఈ సభలోని సంఘ కార్యదర్శులను చేతులెత్తి వేడుకుంటున్నాను: వచ్చే కష్టకాలంలో, అది ఎండైనా, వరదైనా, ధర పడిపోయిన పంటైనా, తీసుకునేవారి ముఖం ఫోటో తీయకండి. సాయం పుస్తకంలో ఉన్న పేరును సభ్యత్వ రిజిస్టరుకు ఎక్కించే తొందర పెట్టుకోకండి. ఈ రెండు తీర్మానాలను రాసి అధ్యక్షుల వారికి ఇచ్చాను. భోజనాలకు లేచే ముందు చర్చించి సంతకాలు చేయమని మనవి.