రంపం మిషన్ సెట్ చేయాలంటే ఏ పనిముట్లు కావాలి? (పాలకాయతిప్ప షెడ్డు నుంచి)

ఈ ఎపిసోడ్ పాలకాయతిప్పలో, ఒక తమ్ముడి వడ్రంగి షెడ్డులో తీస్తున్నాం. మాటల వెనకాల హోరు వినిపిస్తే మైక్ పాడైందనుకోకండి, అది సముద్రపు గాలి. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి ఇక్కడికి దగ్గరే. ఈ గాలి సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఈ తమ్ముడు సెకండ్ హ్యాండ్‌లో కంబైండ్ మిషన్ కొన్నాడు. రంపం, చిత్రిక, బెజ్జం మూడూ ఒకే బల్ల మీద ఉంటాయే, అది. టేకు ద్వారబంధాలకి అడ్వాన్స్ కూడా తీసుకున్నాడు. పది రోజులకి ఫోన్ చేసి, "అన్నా, కోసిన చోటల్లా చెక్క నల్లగా మాడిపోతోంది. కొత్త బ్లేడు వేశా, అయినా అంతే. వచ్చినకాడికి అమ్మేద్దామనుకుంటున్నా" అన్నాడు. "అమ్మకు. ఎవరూ దాని మీద పని చేయకండి. నేనొస్తున్నా" అన్నాను.

పని ఎందుకు ఆపమన్నానో ముందు చెప్తా. బ్లేడు ముందు పళ్లు కిందికి దిగుతాయి, వెనక పళ్లు పైకి లేస్తాయి. పక్కనున్న గైడ్, అదే ఫెన్స్, వెనకవైపు బ్లేడుకి దగ్గరైతే చెక్క ఆ రెంటి మధ్యా ఇరుక్కుంటుంది. ముందు మాడుతుంది. ఇంకొంచెం బిగిస్తే వెనక పళ్లు దాన్ని లేపి మన మీదికి విసురుతాయి. పది అంగుళాల బ్లేడు నిమిషానికి 3000 చుట్లు తిరిగితే పళ్ల వేగం గంటకు దాదాపు 140 కిలోమీటర్లు. చెక్క పొట్టలో తగులుతుంది. లేదా చెక్క ఎగిరిపోయి, దాన్ని తోస్తున్న చెయ్యి బ్లేడు మీద పడుతుంది. మాడిన మచ్చ అంటే మిషన్ ముందుగా చెప్పిన మాట అన్నమాట.

ఇక పనిముట్లు. దేన్నైనా ముట్టుకునే ముందు మెయిన్ ఆఫ్ చేసి, ఫ్యూజు పీకి జేబులో వేసుకోండి. స్విచ్ ఒక్కటే ఆపితే చాలదు, ఎవడో వచ్చి "కరెంట్ పోయిందా" అని నొక్కుతాడు.

మీలో చాలామంది ముందు ఫోన్ తీసి లెవెల్ యాప్ పెడతారు. అది 0.1 డిగ్రీ దాకా చూపిస్తుందనుకుందాం. 0.1 డిగ్రీ అంటే మీటరు పొడవుకి 1.7 మిల్లీమీటర్ల పైనే. పైగా వెనక కెమెరా ఉబ్బు ఉంటుంది కాబట్టి ఫోన్ బల్ల మీద సమంగా కూర్చోనే కూర్చోదు. ఫొటోలు తీసుకోడానికి వాడండి, బోల్టు విప్పేముందు ఎలా ఉందో గుర్తుకి. కొలతకి వద్దు.

అసలు బల్ల లెవెల్‌లో ఉండటం కంటే మెలిక లేకుండా ఉండటం ముఖ్యం. ఒక కాలు గాల్లో ఉండగా బోల్టు బిగిస్తే ఇనుప బల్ల కూడా మెలి తిరుగుతుంది. రెండు తిన్నని బద్దలు, ఒకటి బల్ల ఈ చివర, ఒకటి ఆ చివర అడ్డంగా పెట్టండి. వంగి, ముందు బద్ద పై అంచు మీదుగా వెనక బద్దని చూడండి. రెండు అంచులూ ఒకే గీతలా కలిసిపోవాలి. ఒక పక్క వెనక బద్ద ఎక్కువ కనిపిస్తే మెలిక ఉన్నట్టే. పాత వడ్రంగులు తలుపు చెక్కల్ని చూసింది ఇలాగే.

బద్ద తిన్నగా ఉందని ఎలా తెలుస్తుంది? రెండు బద్దలు అంచుకి అంచు ఆనించి సందు లేదని సంతోషపడకండి. ఒకటి లోపలికి వంగి, రెండోది బయటికి ఉబ్బి ఉన్నా సరిగ్గా అతుకుతాయి. మూడు ఉండాలి. ఏ రెంటిని కలిపినా సందు రాకపోతేనే మూడూ తిన్నగా ఉన్నట్టు. ఇంగ్లండ్‌లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు ఇనుప పలకల్ని ఇలా మూడేసి చొప్పున సరిచేసే పద్ధతి గురించి 1840లో సభలో చదివి వినిపించాడు. మనకి మూడు అల్యూమినియం బద్దలు చాలు.

మూలమట్టానికి కూడా పరీక్ష ఉంది. తిన్నని అంచున్న ప్లైవుడ్ మీద పెన్సిల్‌తో గీత గీయండి. మట్టాన్ని తిరగేసి అదే చోట మళ్లీ గీయండి. రెండు గీతలూ ఒకటైతే మంచిది. విడిపోతే ఆ ఎడం అసలు తేడాకి రెట్టింపు. రసమట్టాన్ని కూడా అంతే, చివరలు మార్చి పెట్టి బుడగ అక్కడే ఆగిందా చూడాలి. షాపులో కొనేటప్పుడే ఈ పరీక్ష చేయండి, మొహమాటం వద్దు.

ఇప్పుడు అసలు కొలత. దీనికి డయల్ గేజీ అంటారు. గడియారం లాంటి ముఖం, ఒక్కో గీత 0.01 మిల్లీమీటరు. దాన్ని బల్ల గాడిలో జారే చెక్కదిమ్మకి బిగిస్తాం. గాడిలో దిమ్మ వదులుగా ఊగకూడదు. బ్లేడులో ఒక పన్నుకి మార్కర్‌తో గుర్తు పెట్టండి. ఆ పన్ను ముందుకి తెచ్చి దాని పక్కన రీడింగ్ చూడండి. బ్లేడుని చేత్తో తిప్పి అదే పన్నుని వెనక్కి తీసుకెళ్లి, దిమ్మని జరిపి మళ్లీ చూడండి. అదే పన్ను ఎందుకంటే, బ్లేడు కాస్త వంకరగా ఉన్నా ఆ వంకర రెండుచోట్లా ఒకేలా వస్తుంది, లెక్కలోంచి పోతుంది. గేజీ ఖరీదైనది కాకపోయినా పర్లేదు. మనం కొలిచేది తేడానే కదా.

గేజీ లేదా? దిమ్మ చివర ఒక స్క్రూ దిగ్గొట్టి, దాని తల పన్నుకి తాకీ తాకనట్టు పెట్టండి. వెనక్కి వెళ్లాక సందు వస్తే ఫీలర్ గేజీ పలకలు దూర్చి చూడండి. అదీ లేకపోతే జిరాక్స్ కాగితం, 80 జీఎస్ఎం, దాదాపు 0.1 మిల్లీమీటరు. సందు లేకుండా స్క్రూ పన్నుకి తగిలి ఆగితే దిమ్మని తోయకండి, తేడా అటువైపు ఉన్నట్టు.

ఇక్కడ బ్లేడు ముందుకీ వెనక్కీ ఉన్న తేడా కాగితం మందమే. బ్లేడు బాగానే ఉంది. గైడ్‌ని కొలిస్తే తెలిసింది, వెనక 1.2 మిల్లీమీటర్లు దగ్గరగా ఉంది. పాపం కొత్త బ్లేడుకి పెట్టిన డబ్బుతో ఫీలర్ గేజీ, మూలమట్టం రెండూ వచ్చేవి. గైడ్ బోల్టులు వదులు చేసి, చెక్క సుత్తితో మెల్లగా తట్టి సరిచేశాం. బోల్టు బిగించేటప్పుడు మళ్లీ జరుగుతుంది, అందుకే ఒక్కో బోల్టు బిగించాక ఒక్కోసారి కొలవాలి. గంటన్నర పట్టింది. వెనక మాత్రం వెంట్రుకవాసి, 0.1 లోపు, వెడల్పుగా వదిలాం. గైడ్ అడుగున ఒకచోట ఎత్తు చాలకపోతే కూల్‌డ్రింక్ టిన్ను రేకు ముక్క పెట్టాం. అది కూడా దాదాపు 0.1 ఉంటుంది. టేకు ముక్క కోసి చూస్తే మచ్చ లేదు. తమ్ముడు దాన్ని పట్టుకుని వాసన చూశాడు!

చిత్రిక వైపుకి గేజీ కూడా అక్కర్లేదు. తిన్నని కర్రముక్కని వెనక బల్ల మీద పెట్టి, దాని చివర కత్తి మీదికి వచ్చేలా చూడండి. సిలిండర్‌ని చేత్తో తిప్పితే, వేళ్లు జాగ్రత్త, కత్తి కర్రని రెండు మూడు మిల్లీమీటర్లు లాక్కెళ్తుంది. కత్తి ఈ కొసనా ఆ కొసనా ఒకే దూరం లాగాలి. అసలు లాగకపోతే బల్ల ఎత్తుగా ఉన్నట్టు, తోసే చెక్క బల్ల అంచుకి కొట్టుకుంటుంది. మరీ ఎక్కువ లాగితే బల్ల పల్లంగా ఉన్నట్టు, చెక్క చివర గుంట పడుతుంది.

మొదట గాలి సంగతి గుర్తుంచుకోమన్నాను కదా. ఈ ఉప్పుగాలికి మూలమట్టం ఒక రాత్రి బయట వదిలితే పొద్దునకి తుప్పు చుక్కలు కనిపిస్తాయి. అంచు మీద తుప్పు ఉంటే అది మట్టం కాదు, గరుకు ఇనుము. నూనె గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టండి. బల్లకి మాత్రం నూనె వద్దు, అది చెక్కకి అంటితే పాలిష్ పట్టదు. మైనం రుద్ది తుడవండి.

ఇంకోటి నేల. దివిసీమలో నల్లమట్టి చోట్ల వానలకి ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలిస్తుంది. దాని మీద పల్చటి గచ్చు వేసి మిషన్ నిలబెడితే కాళ్లు ఒకేలా ఉండవు. ఈ తమ్ముడికి వానలు మొదలయ్యాక ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి రెండు బద్దలూ పెట్టి చూడమన్నాను. మెలిక కనిపిస్తే కాలి కింద రేకు సర్ది, తర్వాత గైడ్ కొలవాలి. ముందు గైడ్ సరిచేసి తర్వాత కాళ్లు ముట్టుకుంటే ఆ గంటన్నర పని మళ్లీ మొదలు.

బెల్టు, పుల్లీలు ఈరోజు చూపించలేదు. వాటికి పురికొస ఒక్కటి చాలు, వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఇప్పుడు తమ్ముడు ద్వారబంధం మొదలుపెడుతున్నాడు, మైక్ ఆపేస్తున్నా.