కంటికి అడ్డమైన రెప్ప

బిడ్డలను కంటికి రెప్పవలె కాచితిమని చెప్పుకొందుము. కావవలసిన ఆ రెప్పయే చూపునకు అడ్డమగుటయు గలదు.

వయసు మళ్లినకొలది పైరెప్ప చర్మము సాగి మడతలు పడును. అధిక చర్మమును కోసి తీసివేయుదురు. కొందరికి రెప్పనెత్తు కండరము సడలి రెప్పయే వాలును. అట్టివారికి కండరమును బిగింపవలెను. ఈ భేదమును మొదట తేల్చుకొనవలెను.

ఇట్టి చికిత్స మనకు క్రొత్త కాదు. వెంట్రుకలు కంటిలోనికి తిరిగినపుడు రెప్పపై యవగింజ ఆకారమున చర్మమును కోసి కుట్టవలెనని సుశ్రుతసంహిత చెప్పుచున్నది.

పెద్దవారికి సాధారణముగా రెప్పకు మాత్రమే మత్తుమందును సూదితో నిచ్చి, గంట రెండు గంటలలో ముగింతురు. వాపు, కమిలిన నలుపు ఒకటి రెండు వారములుండును. కుట్లను సుమారు వారమునకు తీయుదురు. కొన్నాళ్లు కన్ను పొడిబారవచ్చును. రక్తమును పలుచబరచు మందులు వాడువారు ముందే చెప్పవలెను. తమంత తాము మానరాదు. కంటి వెనుక రక్తము చేరుట అరుదు. చేరినచో గంటలలో చూపు పోవచ్చును. కాన తీవ్రమైన నొప్పి గాని, చూపు మందగించుట గాని కలిగినచో తెల్లవారువరకు ఆగరాదు.

అందమునకై చేయించుకొనుట తప్పు గాదు. ఐనను అది మడతను తీర్చునే గాని, కంటిచుట్టు నలుపును, జారిన కనుబొమను తీర్పదు.

అన్నిటికంటె ముఖ్యము పసివారి సంగతి. పుట్టుకతో వాలిన రెప్ప కంటిపాపను కప్పినచో ఆ కన్ను చూచుట నేర్వదు. పెండ్లినాటికి చూతమని ఉపేక్షించినచో, పిమ్మట రెప్పను ఎత్తవచ్చును గాని చూపు తిరిగి రాకపోవచ్చును. అట్టి బిడ్డను తడవు చేయక నేత్రవైద్యునికి చూపుడని మా మనవి.