‘సౌకర్యాల్లేవు’ అనే సాకు
(హైటెక్ సిటీ ప్రాంతంలో పనిచేసే స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఐటీ ఆఫీసుల మధ్య కూర్చుని ఓడల గురించి మాట్లాడటమేమిటని మీకు అనిపించవచ్చు. రాత్రి షిఫ్టు పేరు చెప్పి మనల్ని వెనక్కి నెట్టే వాదనా, సముద్రం పేరు చెప్పి నెట్టిన వాదనా ఒకటే. అందుకే ఈ మాటలు.

మన నౌకాదళానికి ‘తరంగిణి’ అనే శిక్షణ నౌక ఉంది. మూడు కొయ్యల తెరచాప ఓడ. గోవాలో కట్టారు, 1997 నవంబరులో దళంలో చేరింది. 2012లో ‘సుదర్శిని’ తోడైంది. ఇంజన్ల కాలంలో తెరచాపలెందుకు? గాలినీ అలనూ ఒంటితో తెలుసుకోవడానికి, నలుగురూ కలిసి తాడు లాగడానికి, వంతులవారీగా రాత్రి కాపలా కాయడానికి. అంటే నావికులు తయారయ్యేది ఓడమీదే. మరి ఓడ ఎక్కనివ్వకుండా ‘మీకు సముద్రం అనుభవం లేదు’ అంటే ఏమనాలి?

1957 నాటి నౌకాదళ చట్టం, ప్రభుత్వం ప్రకటించిన చోట్ల తప్ప స్త్రీలకు ప్రవేశం లేదంది. 1992 నుంచి కొన్ని శాఖల్లోకి అధికారులుగా తీసుకున్నారు గాని శాశ్వత కమిషన్ కోసం వాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడాల్సివచ్చింది. ఓడల్లో ఆడవాళ్లకు మరుగుదొడ్లు లేవనే వాదన కూడా అక్కడ వినిపించింది. 2020 మార్చి 17న సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చి, స్త్రీలకు శాశ్వత కమిషన్ హక్కును గుర్తించింది.

అంతకుముందే, 2017 సెప్టెంబరు 10న, వర్తికా జోషి నాయకత్వంలో ఆరుగురు మహిళా అధికారులు ‘తారిణి’లో గోవా నుంచి బయలుదేరారు. వాళ్లలో విశాఖకు చెందిన పి. స్వాతి, మన హైదరాబాద్ ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. 55 అడుగుల పడవ. 254 రోజుల్లో భూమిని చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. పెద్ద యుద్ధనౌకల్లో లేదన్న చోటు ఆ చిన్న పడవలో ఎలా దొరికింది?

అయితే ఆ ఆరుగురినీ పొగిడి ఊరుకుంటే చాలదు. సౌకర్యం లేకపోవడం స్త్రీ లోపం కాదు, పని ఇచ్చేవారి బాకీ. ఐటీ సంస్థల్లో రాత్రి పనికి స్త్రీలను అనుమతించినప్పుడే రవాణా, భద్రత యాజమాన్యం బాధ్యత అని ప్రభుత్వం చెప్పింది. ఆ బాధ్యత కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్లతోనే ఆగిపోతుందా? అదే అంతస్తు తుడిచే కాంట్రాక్టు కార్మికురాలికి, గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ స్త్రీకి బండి వస్తోందా? కాసేపు కూర్చోవడానికి గది ఉందా? మరుగుదొడ్డి వాడుకోనిస్తున్నారా?

రేపు మీ మీ ఆఫీసుల్లో ముందు ఈ ప్రశ్నలు అడగండి. ఎవరైనా ‘సౌకర్యాల్లేవు, అందుకే ఆడవాళ్లను పెట్టుకోం’ అంటే, ‘ముందు అవి కల్పించండి’ అని రాతపూర్వకంగా అడుగుదాం. ఒంటరిగా కాదు, కలిసి. తెరచాప తాడు కూడా ఒక్కరు లాగితే రాదు కదా.