మన యింటి రౌటరు - మన చేతి లెక్క



ఈ రజతోత్సవ సభలో భారతములోని ఒక ఘట్టమును గూర్చియో, ఒక ప్రబంధమును గూర్చియో నేను ముచ్చటింతునని మీలో పలువురు తలచియుందురు. నా కోరికయు నదియే. కాని కార్యదర్శిగారు నాకు వేరొక విషయము నిర్ణయించినారు. "పోయిన వేసవిలో మన గ్రంథాలయమున ఇంటర్నెట్టు ఐదు దినములు నిలిచిపోయినది గదా, అది ఎందుకు నిలిచినదో, మరల నిలువకుండుటకు ఇంటింటను ఏమి చేసికొనవలెనో, లెక్కలు వ్రాయువారు గనుక మీరే లెక్కగా చెప్పుడు" అని వారి ఆజ్ఞ. ఆ తప్పు చేసినవాడను నేనే గనుక తప్పించుకొనుటకు వీలు లేకపోయినది.

మొదట నా అపరాధమును విన్నవించెదను. ఒకనాటి సాయంకాలము నెట్టు మందగించినది. రౌటరు వెనుక చిన్న రంధ్రమొకటి యున్నది. అందు సూది గ్రుచ్చి పది లెక్కించినచో అంతయు చక్కబడునని ఎవరో చెప్పగా వినియుంటిని. గ్రుచ్చితిని. దీపములన్నియు ఒక్కమారు ఆరి మరల వెలిగినవి. కాని నెట్టు రాలేదు. పద్మవ్యూహమును చొచ్చుట తెలిసి వెలువడుట తెలియని అభిమన్యునివలె నైతిని; అతని శౌర్యము మాత్రము నాకు లేదు. ఆ సూదిపోటుతో రౌటరులో వ్రాసియున్న వాడుకరి పేరు, రహస్యపదము, ఇతర సంఖ్యలు అన్నియు తుడిచిపెట్టుకొనిపోయినవి. వాటిని వ్రాసియుంచిన కాగితము మనవద్ద లేదు. అమర్చిన కుఱ్ఱవాడు ఆ పని మాని ఎక్కడికో పోయినాడు. మరియొకరు వచ్చి సరిచేయుటకు ఐదవ దినమైనది.

ఆ ఐదు దినములలో మూడవ దినము, మన చందాదారులలో నొకరి కుమార్తెకు ఉపకారవేతనపు దరఖాస్తు పంపుటకు కడపటి దినము. ఆమె మధ్యాహ్నమునకు శంషాబాదు బజారునకు పోయి వరుసలో నిలిచినది. తనవంతు వచ్చునప్పటికి గడువు దాటినది. మరునాడు గ్రంథాలయమునకు వచ్చి, తీసికొన్న పుస్తకము తిరిగి యిచ్చి, "నెట్టు ఎప్పుడు వచ్చును, పెద్దనాయనా?" అని మాత్రము అడిగినది. నేను తల యెత్తలేకపోతిని.

మా తండ్రిగారు పట్వారీ. 1984లో ఆ వ్యవస్థ రద్దగువరకు ఊరి పహాణీలన్నియు మా యింటి బస్తాలో నుండెడివి. తన భూమి ఎంతయో, ఏ సర్వే నంబరులో నున్నదో తెలిసికొనుటకు రైతు మా గడప ముందు చెప్పులు విడిచి నిలువవలసి వచ్చెడిది. మా తండ్రిగారు మంచివారే యనుకొందును. కాని రైతు తన లెక్కను తాను ఎరుగకపోవుట మంచిది కాదు. నేడు ఆ పహాణీ బస్తాలో లేదు. 2020లో ధరణి, 2025లో భూభారతి వచ్చినవి. భూమి లెక్క తీగమీద వచ్చుచున్నది. కాని ఆ తీగ వచ్చి చేరు పెట్టె లెక్క మాత్రము మరల నొకరి చేతిలోనే యున్నది. పూర్వము పట్వారీ బస్తా, ఇపుడు అమర్చువాని జేబులోని చీటి. బస్తా మారినదేగాని మన స్థితి మారలేదు. కావుననే ఈ ప్రసంగము.

మన ప్రాంతమునకు ఇది మరింత అవసరము. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరువబడినది. మన చుట్టుపట్ల పొలములు రన్‌వేలైనవి, రహదారులైనవి. ఆకాశమున విమానములు తిరుగు చోట గాలిలోని తరంగములకును కట్టుబాట్లుండును. విమానము తన ఎత్తును కొలుచుకొను రేడియో సాధనము 4200 నుండి 4400 మెగాహెర్ట్జ్ వరకు గల తరంగములను వాడును. దానికి భంగము కలుగరాదని, 2022 నవంబరులో కేంద్ర టెలికాం శాఖ, రన్‌వే కొనలనుండి 2100 మీటర్ల లోపలను, నడిమి గీతకు ఇరుప్రక్కల 910 మీటర్ల లోపలను, 3300 నుండి 3670 మెగాహెర్ట్జ్ వరకు గల తరంగములతో 5జీ స్తంభములు నిలుపవలదని కంపెనీలను ఆదేశించినది. గాలిలో వచ్చు నెట్టుకు ఇట్టి హద్దులుండగా, నేలవెంట వచ్చు గాజుతీగకు ఆ హద్దు లేదు. అందువలన ఇంటిలోని పెట్టెను మనము తెలిసి వాడుకొనుట మేలు.

ఇక ఆ పెట్టె చేయు పని యేమి? మన దేశమున 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్టు సామాన్య జనులకు లభించినది. దానిలో ప్రతి యంత్రమునకు ఒక చిరునామా సంఖ్య యుండవలెను. పాత పద్ధతిలో అట్టి సంఖ్యలు మొత్తము 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 మాత్రమే. లోకములోని జనులు అంతకంటె ఎక్కువ. ఒక్కొక్కరికి రెండేసి యంత్రములు. చాలునా? చాలదు. కావున ఒక ఉపాయము చేసినారు. ఇంటికంతకు వెలుపల ఒకే చిరునామా. లోపల గదుల సంఖ్యలవలె వేరు సంఖ్యలు. సర్వే నంబరు ఒకటియే, దానిలోని మడులకు మనము ఒకటి, రెండు అని పేర్లు పెట్టుకొన్నట్లు. 192.168 అని మొదలగు సంఖ్యలు అట్టి ఇంటి సంఖ్యలు. అవి మీ యింటను ఉండును, మా యింటను ఉండును; గడప దాటినచో చెల్లవు. వెలుపలనుండి వచ్చిన ఉత్తరమును చూచి, ఇది తండ్రి ఫోనుకు, ఇది బిడ్డ కంప్యూటరుకు అని పంచిపెట్టు ఇంటిపెద్దయే రౌటరు. అది లోపలి సంఖ్యలను శాశ్వతముగా నీయదు. కొంత గడువునకు కౌలునకిచ్చును. గడువు తీరినచో కౌలు మరల వ్రాయబడును. ఈ పని తనంతట తాను జరుగును.

నెట్టు రానపుడు మొదట చూడవలసినది దీపములు. లాస్ అను దీపము ఎర్రగా వెలిగినచో గాజుతీగలో వెలుగు వచ్చుట లేదని అర్థము. తీగ ఎక్కడనో తెగినది, లేదా మిక్కిలి వంగినది. అపుడు లోపలి అమరికలను ముట్టవద్దు. ఎంత మార్చినను ప్రయోజనము లేదు. కంపెనీవారికి చెప్పవలెను. ఊడిన గాజుతీగ కొనను కంటికెదురుగా పెట్టి చూడరాదు. అందులోని కాంతి కంటికి కనబడదు గాని కంటికి హాని చేయవచ్చును.

ఎర్ర దీపము లేదు, అయినను నెట్టు రాదు. అపుడు పెట్టెను ఆపి, ఒక నిముషము తాళి, మరల వెలిగించవలెను. ఇది నిద్రపుచ్చి లేపుట వంటిది. వెనుకనున్న రంధ్రములో సూది గ్రుచ్చుట అట్టిది కాదు. అది పుట్టినిల్లు మరచునట్లు చేయుట. ఈ రెండింటి భేదము నాకు ఐదు దినముల ఖరీదునకు తెలిసినది.

అప్పటికిని రాకున్న, అమరికలను చూడవలెను. రౌటరుకు తీగతో గాని వైఫైతో గాని కలిసియున్న ఫోనులోనో కంప్యూటరులోనో బ్రౌజరు తెరచి, పైనున్న గీతలో 192.168.1.1 అని వ్రాయవలెను. కొన్నిటికి 192.168.0.1. ఏదియైనది పెట్టె అడుగున అతికించిన చీటిలో నుండును. వాడుకరి పేరును, రహస్యపదమును అడుగును; మొదటివి ఆ చీటిలోనే యుండును. ప్రవేశింపగానే ఏదియు మార్చవద్దు. ఒక కాగితము తీసి, ఉన్నది ఉన్నట్లు వ్రాసికొనుడు. పద్దు చూడక కొట్టివేయుట లెక్కలవానికి మహాపాపము.

వ్యాన్ అనియో ఇంటర్నెట్టు అనియో ఒక పుట యుండును. అందు ముఖ్యమైనవి నాలుగు. మొదటిది అనుసంధాన విధము. పీపీపీవోఈ యను విధములో కంపెనీ యిచ్చిన పేరు, రహస్యపదము వ్రాయవలెను. గ్రంథాలయములో సభ్యత్వపు చీటి చూపి లోపలికి వచ్చినట్లు. డీహెచ్‌సీపీ యను విధములో చీటి అక్కరలేదు. సంఖ్య తనంతట వచ్చును. స్టాటిక్ అను విధములో కంపెనీ యిచ్చిన సంఖ్యలను మనమే వ్రాయవలెను. మనది ఏ విధమో కంపెనీవారు చెప్పవలెను. ఊహించి పెట్టిన ప్రయోజనము లేదు. పేరులో ఒక్క అక్షరము, ఒక్క చుక్క తప్పినను ద్వారము తెరువబడదు.

రెండవది వీలాన్ సంఖ్య. గాజుతీగ కనెక్షనులలో పెక్కింటికి ఇది కావలెను. ఒకే బాటలో వేరువేరు బండ్లకు వేరువేరు గాడులున్నట్లు. సంఖ్య తప్పినచో పేరును రహస్యపదమును సరిగా నున్నను మన మాట కంపెనీకి వినబడదు. మన గ్రంథాలయమున కడపట చిక్కుపడినది ఇచ్చటనే.

మూడవది ఎంటీయూ. ఒక్కొక్క మూటలో పట్టు బైట్లు సాధారణముగ 1500. పీపీపీవోఈ తన చీటి కొరకు 8 తీసికొనును. 1500లో 8 పోగా 1492. కొన్ని పుటలు తెరచుకొని కొన్ని సగములో నిలిచిపోవుచున్నచో ఈ సంఖ్యను చూడవలెను.

నాలుగవది డీఎన్ఎస్. మన గ్రంథాలయపు పట్టికను తలచుకొనుడు: పుస్తకము పేరు చెప్పినచో ఏ బీరువాలో ఏ వరుసలో నున్నదో పట్టిక చెప్పును. పేరు చెప్పినచో సంఖ్య చెప్పు పట్టికయే డీఎన్ఎస్. పట్టికను ఎవరైన దుష్టుడు మార్చినచో ఏమగును? మీరు బ్యాంకు పేరు చెప్పగా అతడు తన యింటి త్రోవ చూపును. రౌటరు మొదటి రహస్యపదమును మార్చక వదలినచో ఇట్టి పని సులభమగును. కావున ముందుగా మార్చవలసినది అమరికల పుట యొక్క రహస్యపదము. వెలుపలినుండి రౌటరును నడుపనిచ్చు వసతి తెరచియున్నచో మూసివేయుడు. కంపెనీవారు తమ పనికి దానిని ఉంచుకొనుచో వారినడిగి చేయుడు.

వైఫైకి పెట్టు రహస్యపదము వేరు. రెండును ఒకటిగా నుండరాదు. భద్రత యనుచోట డబ్ల్యూపీఏ2 గాని, మీ ఫోనులన్నియు అంగీకరించుచో డబ్ల్యూపీఏ3 గాని యెన్నుకొనుడు. 2.4 గిగాహెర్ట్జ్ దూరము పోవును, వేగము తక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగము గలది, గోడలు అంత బాగుగా దాటలేదు. మొదటిదానిలో 1, 6, 11 అను చానళ్లు ఒకదానినొకటి ఒరసికొనవు. రెండవదానిలో 52 నుండి 144 వరకు గల చానళ్లు రాడారులతో పంచుకొనునవి. రాడారు తరంగము తోచినచో రౌటరు పది సెకనులలో ఆ చానలు విడిచి, అరగంట వరకు మరల చేరరాదని నియమము. రాడారు రౌటరునకు తొలగదు, రౌటరే తొలగవలెను. విమానముల నీడలో నున్న మన ఊళ్లలో 5 గిగాహెర్ట్జ్ ఉన్నట్టుండి మాయమగుచున్నచో, చానలును 36, 40, 44, 48లలో నొకదానికి మార్చి చూడుడు.

చెప్పవలసినది ఇంతే. నా విన్నపము ఒక్కటి. ప్రతి చందాదారుడును ఒక కాగితముపై ఈ పద్దులు వ్రాసికొనవలెను: కంపెనీ ఫోను నంబరు, కనెక్షను సంఖ్య, అనుసంధాన విధము, వాడుకరి పేరు, రహస్యపదము, వీలాన్ సంఖ్య, రౌటరు చిరునామా, మార్చిన తేదీ. రౌటరులోని రహస్యపదము చుక్కలుగా కనబడి చదువరాకున్న, కంపెనీవారినడిగి వ్రాసికొనుడు. అది మీ సొమ్ము, అడుగుటకు సంకోచమేల? కాగితమును గోడకు అంటించవద్దు. పట్టాదారు పాసుపుస్తకము దాచిన పెట్టెలోనే దాచుడు. ఇంటిలో ఇద్దరికి దాని జాడ తెలిసియుండవలెను. ఒక్కనికే తెలిసినచో అతడే ఆ యింటికి పట్వారీ యగును.

మన గ్రంథాలయపు కాగితము ఇపుడు బీరువాలో తాళము క్రింద నున్నది. తాళపుచెవులు రెండు, ఒకటి కార్యదర్శిగారివద్ద, ఒకటి నావద్ద. ఆ కాగితమును చక్కని దస్తూరితో వ్రాసినది, నా మూలమున దరఖాస్తు గడువు దాటిన ఆ అమ్మాయియే. అడుగగానే ఒప్పుకొన్నది. ఉపకారవేతనము మాత్రము తిరిగి రాలేదు. ఆ బాకీ నా పద్దులో అట్లే యున్నది. దానిని తీర్చు మార్గము నాకొక్కటే తోచినది: ప్రతి ఆదివారము ఉదయము, ఎవరు పిలిచినను వారింటికి వచ్చి, ప్రక్కన కూర్చుండి, వారిచేతనే కాగితము వ్రాయించెదను. నేను వ్రాయను, వ్రాసినచో మరల బస్తా మా యింటికే చేరును.