ఆశా కార్యకర్త పక్కన నడిచేవారు కావాలి

 

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా వ్యవస్థ మొదలైంది. పల్లెల్లో సుమారు 1,000 మంది జనాభాకు ఒక ఆశా కార్యకర్త. గర్భిణుల పేర్లు నమోదు చేయించడం, పిల్లలను టీకాలకు తీసుకురావడం, క్షయరోగులు మందులు మానకుండా చూడడం ఆమె పనే. ఆస్పత్రిలో పుట్టిన బిడ్డను 3వ రోజు నుంచి 42వ రోజు దాకా ఆరుసార్లు ఇంటికెళ్లి చూడాల్సిందీ ఆమే. కోవిడ్‌లో గడప గడపా తిరిగిన ఆశాలను 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పురస్కారంతో గౌరవించింది.

ఆమె పనితీరు మెరుగుపడాలన్న మాట రాగానే మనం ఆమెలోనే లోపం వెతుకుతాం. రిజిస్టరు నిండలేదంటాం, యాప్‌లో వివరాలు ఎక్కలేదంటాం. ముందుగా ఆమెకు పైనుంచి అందుతున్న తోడ్పాటును కొలవాలని నా మనవి.

ప్రాణహితకు అవతల, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో వైద్యులు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు అలాంటి తోడ్పాటు ఇచ్చి చూపించారు. 39 గ్రామాల్లో స్థానిక మహిళలకు నవజాత శిశువుల సంరక్షణ నేర్పారు. వాళ్ల సంచిలో పనిముట్లు, మందులు పెట్టారు. పదిహేను రోజులకోసారి వైద్యుడు ఊరికి వచ్చి రికార్డులు సరిచూసి, తప్పులు దిద్ది, మళ్లీ నేర్పేవారు. 1993-95లో ప్రతి 1,000 జననాలకు 62గా ఉన్న నవజాత శిశు మరణాలు 1997-98 నాటికి 25.5కు దిగాయి. పోల్చి చూసిన ఇతర గ్రామాల్లో ఆ తగ్గుదల కనిపించలేదు.

ఇందులో మనకు పాఠముంది. బిడ్డ పాలు పట్టడం లేదని, ఒళ్లు చల్లబడిందని, డొక్కలెగరేస్తోందని గుర్తించే నేర్పు శిక్షణ గదిలో మొదలవుతుంది. బాలింత ఇంట్లో, తెలిసినవారు పక్కనుండి చూపిస్తేనే అది కుదురుకుంటుంది. అంకెలు అడిగి వెళ్లిపోయే తనిఖీ వల్ల ఆమెకు భయం పెరుగుతుంది, నైపుణ్యం పెరగదు. భయపడిన చెయ్యి రిజిస్టరునే నింపుతుంది.

జీతం మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. చెల్లింపు పూర్తిగా గాని, ప్రధానంగా గాని పనికింత అనే ప్రోత్సాహకాల మీద ఆధారపడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో సూచించింది. ప్రోత్సాహకం లేని పని వెనకబడుతుందంటే ఆశ్చర్యమేముంది? ఆంధ్రప్రదేశ్ 2019లో గౌరవ వేతనాన్ని నెలకు రూ.10,000కు పెంచడం మంచి అడుగు. ఆమెను స్వచ్ఛంద సేవకురాలని పిలుస్తూ ఉద్యోగి పని చేయించుకునే పద్ధతి మాత్రం మారాలి.

ఈ ప్రజారోగ్య సదస్సు మూడు తీర్మానాలు చేయాలని కోరుతున్నాను. పర్యవేక్షకులు ఆశాతో కలిసి ఇళ్లకు వెళ్లే రోజులు నెలవారీ ప్రణాళికలో ఉండాలి. సంచిలో మందులు నిండుకోకముందే అందాలి, థర్మామీటరు, తూకం యంత్రం ఎప్పుడూ ఉండాలి. కొత్త రిజిస్టరు పెట్టేముందు పాతదొకటి తీసేయాలి. వీటి మీద మొదటి మాట వేదిక మీది పెద్దలది కాకూడదు. ఆశా సోదరీమణులే ముందు మాట్లాడాలి, మనం రాసుకోవాలి.